నిప్పులో వెయ్యాల్సిన మాత్రలు

పోయిన వారం రెవరెండ్ డాక్టర్ ఎరియా బహేమూకాని ఎక్కడ వదిలామో గుర్తుందా? సొంతూరు ర్వేంజోజోలో, చర్చి గుమ్మంలో. లోపల జనం చప్పట్లు కొడుతూ పాడుతుంటే, ఆయన మాత్రం ఎవరి మొహమూ చూడకుండా కారెక్కి కబాలె టౌనుకి వచ్చి పడ్డాడు. పారిపోయాడనే అనాలి, మర్యాదకి ఇంకో మాట వెతకడం ఎందుకు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఎరియా స్కాట్లండులో ఏళ్ళ తరబడి చదివొచ్చి, కొండ మీది వేదాంత కళాశాలలో పాఠాలు చెప్తున్నాడు. అద్భుతాలనేవి ఎప్పుడూ జరగలేదని, అవి కష్టాల్లో ఉన్న జనం తమ ఆశని గుర్తుపెట్టుకునే పద్ధతని పై దేశాల పత్రికల్లో వ్యాసాలు రాశాడు. అలాంటివాడు సొంత ఊళ్ళో ప్రసంగం చేస్తుండగా, తొమ్మిదేళ్ళ కెంబాబాజి, ఊళ్ళో పిలుపు కెంబా, మూర్ఛ వచ్చి బెంచీల మధ్య పడిపోయింది. తల్లి జోవానిసి పిల్లని ఎత్తుకొచ్చి తిన్నగా ఆయన కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది. చర్చి చర్చంతా ఆయన వంకే చూసింది. ఏం చెయ్యాలో తోచక మోకాళ్ళ మీద కూలబడి, పిల్ల తల మీద చెయ్యి వేసి, చిన్నప్పుడు తనకి జ్వరమొస్తే నాయనమ్మ చేసిన ప్రార్థన చేశాడు. ప్రభువా, ఇది నీ పిల్ల, చూసుకో. అంతే. పిల్ల లేచి కూచుంది. అలాంటి మూర్ఛ కాసేపటికి దానంతటదే తగ్గుతుందని ఆయనకి తెలుసు. ఆ మాట అక్కడ చెప్పకుండా వచ్చేశాడు. చెప్పని ఆ మాటే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

ఇక ఈ వారం సంగతి. శనివారం పొద్దున్నే స్టాఫ్‌రూములో ఎరియా టీ తాగుతుంటే, నికొలాసు కాకూరు వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. సంఘ చరిత్ర చెప్పే కాకూరు ఆ కాలేజీలో ఎరియాకి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు. అతని భార్య ఆసుపత్రిలో డాక్టరు. కాకూరు ముందు నవ్వాడు. స్వస్థత వరం ఉన్నవాళ్ళు టీలో చక్కెర వేసుకుంటారా అని వెటకారం చేశాడు. తర్వాత నవ్వు ఆపేసి, గొంతు తగ్గించి అసలు విషయం చెప్పాడు.

జోవానిసి నిన్న ఆసుపత్రికొచ్చి, ఇన్నేళ్ళూ చూసినందుకు దండం పెట్టి, ఇక మాత్రలు అక్కర్లేదని చెప్పిందట. పొద్దుటిది కూడా వెయ్యలేదట. కాకూరు భార్య గేటు దాకా వెంటపడి బతిమాలిందట. ఏళ్ళ తరబడి వాడుతున్న మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే, రెండు మూడు రోజుల్లో మూర్ఛలు ఒకదాని మీద ఒకటి తన్నుకొస్తాయి. మధ్యలో తెలివి రాకపోతే ప్రాణమే పోతుంది. జోవానిసి అంతా ఓపిగ్గా విని, దేవునికి స్తోత్రం అని వెళ్ళిపోయింది.

ర్వేంజోజో సహవాసం, అంటే ఆ ఊరి చర్చిలో ప్రార్థనకి కలిసే గుంపు, వాళ్ళు ఆ మధ్యాహ్నమే మంట వేస్తున్నారు. అది ఆ ఊరి ఆచారం. రక్షణ పొందినవాళ్ళంతా ప్రభువుని కాదని తాము నమ్ముకున్నవన్నీ బయటికి తెచ్చి, పాడుతూ నిప్పులో వేస్తారు. తాయెత్తులు, వేర్లు, పొగాకు పైపులు, సారా కాచే బుర్రలు. ఈసారి జోవానిసి సాక్ష్యం చెప్పి, కెంబా మాత్రల సంచి వేస్తుందట.

ఎరియాకి గుండెల్లో రాయి పడింది. టీ కప్పు పక్కకి నెట్టి లేచాడు.

"నువ్వు మాత్రం వెళ్ళకు" అన్నాడు కాకూరు. "ఫోన్లో చెప్పి చూడు. ఆ మంట దగ్గర నువ్వు నించున్న ఫోటో ఒక్కటి బయటికొచ్చిందా, గురువారం కొత్త ప్రిన్సిపాలుని ఎంచే కమిటీలో నీ వ్యాసాలు ఎవడూ చదవడు. ప్రిన్సిపాలు కుర్చీ సంగతి మర్చిపో. మంత్రగాడంటారు నిన్ను."

బిషప్ గారి నోట ఎరియా పేరే నలుగుతోందని కాలేజీలో అందరికీ తెలుసు. ఆ కుర్చీ కోసం ఎరియా పైకి ఎప్పుడూ ఒక్క మాట అన్లేదు కానీ, రాత్రిళ్ళు దాన్ని తల్చుకోకుండా పడుకున్నదీ లేదు. ఊరి పాస్టరుకి ఫోన్ చేశాడు. అవతల గాలి హోరులో, మీరొస్తే ఎంత బావుంటుంది అయ్యగారూ, అన్న ఒక్క ముక్క వినబడి లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు. కాకూరు నెత్తి కొట్టుకుంటూ ఉండగానే ఎరియా కారు తాళాలు తీసుకున్నాడు.

దారి పొడుగునా చినుకులు. కొండల మీద మంచు దిగి, జొన్న చేలూ బంగాళాదుంప మళ్ళూ కనబడీ కనబడకుండా ఉన్నాయి. ఎరియా ఏం చెప్పాలో కూడగట్టుకుంటూ నడిపాడు. వైద్యమూ దేవుడి వరమే, ప్రార్థనకీ మందుకీ పోట్లాట లేదు, ఇలాంటివి. క్లాసులో అయితే పిల్లలు రాసుకుంటారు. ఇక్కడ ఎవరు రాసుకుంటారు? మలుపుల దగ్గర రెండుసార్లు కారు ఆపి ఆ మాటలే పైకి అని చూసుకున్నాడు.

చర్చి వెనక వాలులో మంట అప్పటికే రాజుకుంది. తడి యూకలిప్టస్ కర్రలు పొగ కక్కుతున్నాయి. ఎరియాని చూడగానే ఆడవాళ్ళు కేకలు పెట్టి చుట్టుముట్టారు. ఎవరో వేడి జొన్నగంజి గ్లాసు చేతిలో పెట్టారు. పోయినసారి చెప్పకుండా పారిపోయారు, ఈసారి మీ కారు తాళాలు మా కొంగున కట్టుకుంటాం అని ఒకావిడ హాస్యమాడితే అందరూ విరగబడి నవ్వారు. ఒక అమ్మాయి ఫోన్ ఎత్తి పట్టుకుని అదంతా వీడియో తీస్తోంది. ఎరియా పళ్ళికిలించి, మొహం ఆ ఫోన్‌కి పడకుండా పక్కకి తిప్పుకున్నాడు.

సహవాసం పెద్ద యొసాము తాత లేచొచ్చి కౌగిలించుకున్నాడు. డెబ్భై దాటినవాడు, ఎరియాని చంకనేసుకు తిప్పినవాడు. ఆ ముసలాయన కథ తెలియని పిల్ల ఆ ఊళ్ళో లేదు. కుర్రతనంలో ఆయన కూడా ఇలాగే అన్నీ నిప్పులో వేశాడు. ఒక్క వేరు మాత్రం, కడుపునొప్పికి పనికొచ్చేది, ఇంటి కప్పులో గడ్డి కింద దాచుకున్నాడు. ఆ వానాకాలం వెళ్ళకుండానే కొడుకు పోయాడు. ఏటా మంట దగ్గర ఆ కథ చెప్తాడు, ఏటా ఏడుస్తాడు. కొంచెం దాచుకుంటే మొత్తం పోతుందని ఆ ఊరికి ఎముకల్లోకి ఎక్కిపోయింది. ఆ రోజూ అప్పుడే చెప్పి కూచున్నట్టున్నాడు, కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

జోవానిసి వరసలో నించుని ఉంది. ఒక చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో తెల్ల మాత్రలు. ఇంకో చెయ్యి కెంబా భుజం మీద. పిల్ల పచ్చ స్వెట్టరు వేసుకుని, చలికి ముక్కు ఎగబీలుస్తూ నిప్పు వంక చూస్తోంది. ఎరియా తల్లిని పక్కకి పిలిచాడు. ఆమె రానంది. మా సహవాసంలో చాటుమాటు ఉండదు అయ్యగారూ, ఇక్కడే చెప్పండి, అంది. జనం దగ్గరికి జరిగారు.

కారులో కూడగట్టుకున్నదంతా చెప్పాడు ఎరియా. మాత్ర తాయెత్తు కాదన్నాడు. డాక్టరమ్మ చేతుల్లోంచి కూడా దేవుడే పని చేస్తాడన్నాడు. చెప్తున్నకొద్దీ తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. జోవానిసి అంతా అయ్యాక మాట్లాడింది.

"తాయెత్తు కాదని నాకు తెలుసు అయ్యగారూ. ఆసుపత్రి మీద నాకేం కోపం లేదు. కానీ రోజూ పొద్దున్నే పిల్లకి ఇది మింగించేటప్పుడు నేను తల్చుకునేది ప్రభువుని కాదు, దీన్ని. తాత దాచిన వేరూ మందే కదా. ఇది దాచుకుంటే మీ ప్రార్థన చెడిపోతుందేమో, నా బిడ్డ మళ్ళీ పడిపోతుందేమో అని నిన్నట్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు."

భయం తనకొక్కడికే ఉందనుకున్నాడు ఎరియా. ఆమె పెదవులు వణకడం అప్పుడు చూశాడు.

"ఒక్క మాట అడుగుతా, దాచకుండా చెప్పండి" అంది. "ఆ రోజు నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టినప్పుడు, ప్రభువు వింటున్నాడని నమ్మారా?"

నమ్మకంలో రకరకాల మెట్లున్నాయని ఎరియా మొదలుపెట్టాడు. ఇందాకటి హాస్యాలావిడ, మెట్లు తర్వాత ఎక్కుదురు గానీ అయ్యగారూ, అవునో కాదో చెప్పండి, అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. ఎరియా ఇది కాకూరుకి కూడా చెప్పలేదు. ఆ ఆదివారం, పిల్ల నుదురు తన అరచేతి కింద అదురుతుంటే, ఆయన నమ్మాడు. చదివిందంతా ఎటు పోయిందో పోయింది. పక్కనే ఎవరో ఉన్నారని, వింటున్నారని, నాయనమ్మ పక్కలో పడుకున్న పిల్లాడికి తెలిసినంత గట్టిగా తెలిసింది. పారిపోయింది అందుకే. యాభై ఏళ్ళొచ్చి, అన్ని పుస్తకాలు చదివి, ఒక ముసలావిడ ప్రార్థనని అంత నిజంగా నమ్మినందుకు తలెత్తుకోలేక పారిపోయాడు.

ఇప్పుడు నమ్మానంటే సంచి నిప్పులోకి పోతుంది. నమ్మలేదంటే మాత్రలు మిగుల్తాయి, పిల్ల మిగుల్తుంది, ఫోన్లో వీడియో చూసే కమిటీ ముందు పరువూ మిగుల్తుంది. అన్నిటికీ పనికొచ్చే ఆ జవాబు ఒట్టి అబద్ధం. పొగ కళ్ళలోకి కొడుతోంది. కెంబా ఆయన్నే చూస్తోంది.

"నమ్మలేదు" అన్నాడు.

జోవానిసి మొహంలో రక్తం ఇంకిపోయింది. సంచి పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. అది చూసి ఎరియాకి ప్రాణం లేచొచ్చింది. పిల్ల బతికింది, అంతే చాలు, తనేమైపోయినా పర్వాలేదు అనుకున్నాడు. పాపం, అంత సుఖం ఆయనకి ఒక్క నిమిషమే దక్కింది.

యొసాము తాత కర్ర ఊతంతో ముందుకొచ్చాడు. కోపం లేదు ఆయన మొహంలో, అదే ఎరియాని ఇంకా భయపెట్టింది.

"నిన్ను నేను తిట్టను నాయనా. నిజం చెప్పావు, అది మంచిదే. కానీ నమ్మకం లేని చెయ్యి ఆ బిడ్డ తల మీద పడింది. మేం దానికి పాటలు కూడా పాడాం. ఇప్పుడా బిడ్డని అలా వదిలెయ్యలేం."

పిల్లనీ తల్లినీ ప్రార్థన కొండ మీది గుడిసెకి తీసుకెళ్తామన్నాడు. మూడు రోజులు ఉపవాసం. నీళ్ళు తప్ప అన్నం లేదు, మందు లేదు. కొండ దిగేలోపల ప్రభువే తేల్చాలి. ఆడవాళ్ళు అప్పటికే దుప్పట్లు చుడుతున్నారు. మూడు రోజులన్న మాట ఎరియా చెవిలో గింగురుమంటోంది. అన్నం లేకుండా, మాత్ర లేకుండా, ఆ చలిలో మూడు రోజులు. అబద్ధం చెప్పి కాపాడదామనుకున్న పిల్లని తనే తోసేశాడు.

జోవానిసి దగ్గరికొచ్చి మాత్రల సంచి ఆయన చేతిలో పెట్టింది. "ఇవి మీ దగ్గరే ఉండనివ్వండి. మీరు నమ్మేది వీటినే కదా" అంది. దెప్పుతున్నట్టు కూడా అన్లేదు, సొమ్ము ఎవరిదో వాళ్ళకి ఒప్పజెప్పినట్టు అంది. పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది.

పిల్లని ఎత్తుకుని కారులో పడేసి పోదామా అన్న ఆలోచన కూడా వచ్చింది ఎరియాకి. ఊరంతా అడ్డం పడితే కారు కదలదు. కొట్టుకుంటే మధ్యలో నలిగేది పిల్లే. నమ్మిన చెయ్యే అంటే కొండ మాట మానుకుంటారేమోనని, ఆ ఊళ్ళో పుట్టినవాడి గొంతుతో గట్టిగా అరిచాడు.

"నమ్మాను. ఇందాక అబద్ధం చెప్పాను. ఆ రోజు నమ్మాను, జోవానిసీ."

ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఏది అబద్ధం అయ్యగారూ? ఇందాకటిదా, ఇదా? నాకు ఎలా తెలిసేది?"

ఎరియా జీవితమంతా ఆధారం చూపించమని ఇతరుల్ని అడిగినవాడు. తన లోపల జరిగినదానికి చూపించడానికి ఒక్క ఆధారం లేదు.

"నిజంగా నమ్మితే, ఆ సంచి మీ చేత్తో నిప్పులో వేసి మాతో కొండెక్కండి" అంది జోవానిసి. "అప్పుడు మీ చెయ్యి మళ్ళీ నా బిడ్డ తల మీద పెట్టనిస్తాను."

ఫోన్ పట్టుకున్న అమ్మాయి రెండడుగులు ముందుకొచ్చింది. చీకటి పడేలోపల ఈ వీడియో కబాలెలో ప్రతి ఫోన్లోనూ ఉంటుంది. కాకూరు చూస్తాడు, వాళ్ళావిడ చూస్తుంది, బిషప్ గారు చూస్తారు. మూర్ఛ రోగి మాత్రలు మంటలో పోస్తున్న వేదాంత పండితుడు. ఇంత చదువూ, ఇన్నేళ్ళ పేరూ బూడిదే. ఎరియా మంట దగ్గరికి నడిచాడు. సంచి విప్పి మాత్రలు అరచేతిలోకి ఒంపుకున్నాడు. చెయ్యి నిప్పు మీదికి చాచి వేళ్ళు సడలించాడు.

పొగ దట్టంగా ఉంది. మాత్రలు రాలడం అందరూ చూశారు. చిటికెన వేలూ ఉంగరం వేలూ మడిచి, వాటి కింద కొన్ని మిగుల్చుకోవడం ఎవరూ చూడలేదు. ఖాళీ సంచి కూడా నిప్పులో పడేసి పిడికిలి బిగించాడు. జనం పాట అందుకున్నారు. యొసాము తాత ఏడుస్తూ ఆయన భుజం తట్టాడు.

అందరూ కొండ వైపు నడిచారు. పిడికిలిలో మాత్రలు చెమటకి తడిసి అంటుకుంటున్నాయి. పైన గుడిసెలో ఎవరూ చూడకుండా ఒకటి నీళ్ళలో కలిపి పిల్లకి తాగిస్తే చాలు, రేపు ఇంకొకటి. దాచినవాడి గతి ఏమిటో ముసలాయన కథలో విన్నదే. అంత చదివినవాడికీ ఆ కథ తల్చుకుంటే వెన్నులో వణుకు పుట్టింది. ప్రభువా, ఇది నీ పిల్ల, నన్ను పట్టుబడనివ్వకు అని లోపల్లోపల వేడుకుంటూ నడిచాడు. దేవుణ్ణి అలా అడగడం తెలివైన పనేనా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

కొండ మొదట్లో రాతిగట్టు దగ్గర యొసాము తాత ఆగాడు.

"ఇక్కణ్ణించి పైకి వట్టి చేతులతో వెళ్ళాలి" అన్నాడు. "రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు చాచి ప్రభువుకి చూపించాలి. కొత్తవాళ్ళు ముందు. రా నాయనా ఎరియా."

ఎరియా ముందుకొచ్చాడు. ఎడం చెయ్యి ఎత్తాడు. కుడిచెయ్యి లేవలేదు. జనం పాట తగ్గింది. ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

అంతలో కెంబా తల్లి చెయ్యి వదిలించుకుని ఆయన దగ్గరికొచ్చింది. పెద్దాయన భయపడుతున్నాడనుకుందో ఏమో, తోడుగా పట్టుకుందామని తన చలిచేతిని ఆయన కుడి పిడికిలిలోకి దూర్చింది. వేళ్ళ మధ్య గట్టిగా, గుండ్రంగా ఏదో తగిలింది. రోజూ పొద్దున్నే నాలిక మీద పెట్టుకునేది, ఆ పిల్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? తలెత్తి ఎరియా కళ్ళలోకి చూసింది.

చెప్పొద్దని ఆయన కళ్ళతోనే బతిమాలాడు.

"అమ్మా" అంది కెంబా.